కుంటి గొర్రెలకు బదులు

ఉద్యోగమంటే సాయంత్రానికల్లా రిజిస్టరు నిండి ఉండటమే అనుకునే వయసొకటి ఉంటుంది. నాకు ఆ వయసు తొంభైల చివర్లో వచ్చింది, ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ కాలమే ఉంది. అప్పటికి నేను ధర్మవరంలో బీఎస్సీ జువాలజీ పాసై, రెండేళ్ళుగా మగ్గం గుంట పక్కన కూర్చుని నాయన తిట్లు వింటూ ఉన్నాను. (నాయన తిట్టేటప్పుడు కూడా మగ్గం ఆపేవాడు కాదు. అందుకని నాకు ఇప్పటికీ ఆ తిట్లు తాళంతో సహా గుర్తున్నాయి.) అలాంటి సమయంలో హిందూపురంలో ఒక చిన్న మందుల కంపెనీలో పని దొరికింది. ఏవో ఆకులు కలిపి మోకాళ్ళ నొప్పులకు మాత్ర తయారుచేయాలని వాళ్ళ ఉద్దేశం. నా ఉద్యోగం పేరు పరిశోధన సహాయకుడు. చేయాల్సిన పని గొర్రెల వెనకాల నడవడం. ఇంట్లో మొదటి మాట చెప్పాను, రెండోది చెప్పలేదు. మావాడు మోకాళ్ళ డాక్టరు దగ్గర ఉండాడని అమ్మ వీధంతా చెప్పడంతో, వారం తిరగకుండానే మగ్గం తొక్కి తొక్కి మోకాళ్ళు పోయిన ముసలివాళ్ళు మా గడప దగ్గర చేరారు. నేను వాళ్ళ మోకాళ్ళు నొక్కి చూసి, ఇంకా ముదరలేదని గంభీరంగా చెప్పి పంపేవాణ్ణి. నా అబద్ధాలు అక్కడ మొదలయ్యాయి. అవి అక్కడే ఆగి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

మా పరిశోధనకు పెద్ద, పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక ముసలి ప్రొఫెసరు. జేబులో ఎప్పుడూ ఒక ఇనప స్కేలు ఉండేది. దోసె వడ్డించినా దాని మందం కొలుస్తాడేమో అనిపించేది. మేం ఆయన్ని మిల్లీమీటరు సారు అనేవాళ్ళం. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పాడు. మోకీలు అరిగిపోవడం ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు. మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి జబ్బు సగం దారి దాటి ఉంటుంది. అది ఎట్లా మొదలైందో చూడాలంటే నొప్పిలేని మోకాలు కోసి చూడాలి, దానికి ఎవడు ఒప్పుకుంటాడు? ఎలుకలో ఈ జబ్బు తొందరగా వచ్చేస్తుంది గానీ దాని మోకాలు చిక్కుడు గింజంత. గొర్రె వెనక కాలి మోకాలు దాదాపు మనిషి మోకాలంత పెద్దది, లోపలి అమరికా అట్లాంటిదే. అందుకని పన్నెండు గొర్రెలకు కుడి మోకాలిలో రెండెముకల మధ్య మెత్తలా ఉండే పొరను కోసి తీసేస్తారు. మెత్త లేని కీలు రోజూ నడిచేకొద్దీ అరుగుతుంది. నాలుగో వారంలో నాలుగింటిని చంపి కీళ్ళు తెరిస్తే మొదటి దశ కనిపిస్తుంది. పన్నెండో వారంలో ఇంకో నాలుగు, అది నడిమి దశ. ఆరో నెలలో మిగతా నాలుగు, అది ముదిరిన దశ. ఏ దశలో ఏమవుతుందో తెలిసిన తర్వాతే మాత్ర సంగతి. “ఒక్కటి గుర్తుపెట్టుకో నాయనా, గొర్రె నొప్పి దాచుకుంటుంది. కుంటితే మందలో వెనకపడుతుంది, వెనకపడితే తోడేలు పడుతుంది. అది దాని పుట్టుకలోనే ఉంది. గదిలో కూర్చుంటే నీకేమీ తెలియదు. దాని వెనకాల నడవాలి,” అన్నాడు.

నడవాల్సినవాణ్ణి నేను. పొద్దున ఏడు గంటలకు ఒక గంట, సాయంత్రం అయిదింటికి ఒక గంట గొర్రెలను నడిపించాలి. నేను వెనకాలే పోతూ ఒక్కొక్కదాని కుంటుకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేయాలి. సున్నా అంటే కుంటు లేదు, నాలుగంటే కాలు నేలకు ఆనించదు. గొర్రెల షెడ్డు పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఉండేది. అంతకుముందు దాంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు, చుట్టూ ఇంకా మల్బరీ ఉండేది. షెడ్డు పక్కనే నాకొక గది ఇచ్చారు. అందులో ఒక్క రాత్రి పడుకుని, ఆ వాసన నాకు పడదని తేల్చుకున్నాను. మర్నాటి నుంచి ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగి, రొద్దం బస్సు పట్టుకుని వచ్చేవాణ్ణి. ఆ బండి ఎంత తొందరగా వచ్చినా నేను షెడ్డు చేరేసరికి పది. తిరుగు బండి అందాలంటే నాలుగున్నరకే బయలుదేరాలి. అంటే గొర్రెలు నడిచే రెండు గంటలు తప్ప మిగతా సమయమంతా నేను అక్కడే ఉండేవాణ్ణి. ఈ ఏర్పాటులో ఉన్న తమాషా నాకు అప్పట్లో కనిపించలేదు.

ఇక గొర్రెలను నడిపించేవాడు కావాలి. రొద్దం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక కాపరి దొరికాడు. యాభై దాటిన మనిషి. ఎండాకాలంలో కూడా భుజాన నల్ల కంబళి వేసుకునేవాడు కాబట్టి మాకు కంబళి తాత అయ్యాడు. ఆయనకు సొంతంగా ఇరవై రెండు జీవాలు ఉండేవి. (మావైపు గొర్రెలనూ మేకలనూ కలిపి జీవాలు అంటారు.) అవి కాక ఊళ్ళో వేరేవాళ్ళ జీవాలు కూడా జీతానికి మేపేవాడు. భార్య ఆ మందను చెరువు కింది బీళ్ళలో మేపుతుంటే, ఈయన మా పన్నెండింటినీ అదే పక్కకు నడిపించుకుని పోయేవాడు. ఒకరి జీవాలు ఇంకొకరు మేపడంలో వాళ్ళకొక కట్టుబాటు ఉంది. మేపేవాడి చేతిలో జీవం చెడిపోతే, తన మందలోంచి అట్లాంటిదే ఇంకొకటి బదులు పెట్టాలి. కానీ సొంతదారుకు చెప్పి పెట్టాలి. చెప్పి పెడితే మర్యాద, చెప్పకుండా మారిస్తే దొంగతనం. రెంటికీ మధ్య వాళ్ళకు ఇంకేమీ లేదు. ఈ సంగతి ఆయన పనిలో చేరిన రోజే నాకు చెప్పాడు. నేను తల ఊపుతూ వాచీ చూసుకున్నాను.

ఆ రోజే ఆయన ఇంకో మాట అడిగాడు. కుడి కాలి దగ్గర బొచ్చు గొరిగి కుట్లు వేసి ఉన్న పన్నెండు గొర్రెలను చూసి, ఏమైంది సారూ వీటికి అన్నాడు. ఇక్కడ నేను నిజం చెప్పాల్సింది. బాగున్న కాళ్ళను మేమే కోసి కుంటివి చేస్తున్నామని, పుట్టినప్పటి నుంచీ జీవాల కాళ్ళు చూసుకుంటూ బతికిన మనిషి ముఖం మీద ఎట్లా చెప్పడం? నాకు సిగ్గేసింది. “మోకాళ్ళ జబ్బు వచ్చింటే ఆపరేషన్ చేసి బాగుచేసినాం. రోజూ బాగా నడిపిస్తే నయమైతాయి,” అన్నాను. ఆయన ఒక గొర్రె వెనక కాలు పట్టుకుని, “వెనక కాలికి మోకాలు యాడుండాది సారూ? మేము మోకాలంటే ముందర కాలికే అనుకుంటాండాము,” అన్నాడు. నేను చూపించాను. మెల్లగా వేళ్ళతో తడిమి, “ఆపరేషన్ దాకా పోయినారంటే పుణ్యాత్ములే మీరు. మేమైతే వాత పెట్టి వదిలేస్తాం,” అన్నాడు. నా జీవితంలో నన్ను పుణ్యాత్ముడన్న మనిషి ఆయనొక్కడే. అందుకైనా ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇట్లా మా కార్యక్రమం మొదలైంది. తాత వాటిని నడిపించేవాడు, నేను రైల్లో మార్కులు వేసేవాణ్ణి. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ అబద్ధం రాయడంలో నేను బద్ధకించలేదు. అన్నింటికీ ఒకే మార్కు వేస్తే అనుమానం వస్తుందని ఒక్కొక్క గొర్రెకు ఒక్కొక్క స్వభావం ఊహించుకున్నాను. మూడో నంబరు మొండిది, నొప్పి ఆలస్యంగా బయటపెడుతుంది. ఏడో నంబరు సుకుమారి. వాన పడిన రోజు అందరికీ అర మార్కు కుంటు పెంచేవాణ్ణి. మిల్లీమీటరు సారు నెలకు రెండుసార్లు వచ్చి, గదిలోనే కూర్చుని రిజిస్టరు తిరగేసి, అంకెలు పెరుగుతున్న తీరు చక్కగా ఉందని మెచ్చుకునేవాడు. నాలుగో వారంలో మొదటి నాలుగు గొర్రెలకు మత్తు సూది ఎక్కువ మోతాదులో వేసి, పడుకోబెట్టి, కీళ్ళు తెరిచారు. ఎముక చివర పాలలా తెల్లగా మెరవాల్సిన పూత మసకబారి, అక్కడక్కడా మెత్తబడి ఉంది. మొదటి దశ అంటే ఇదే అని సారు స్కేలు పెట్టి కొలిచాడు. అవి అప్పటికి చచ్చిపోయి అరగంటైంది. ఆ నాలుగూ ఏమైనాయని తాత అడిగితే, నయమైపోయినాయి, హిందూపురంలో ఓనరు తోటకు పంపినామని చెప్పాను. ఆయన ముఖంలో వచ్చిన సంతోషం నేను చాలాకాలం మర్చిపోవడానికి ప్రయత్నించాను.

అసలు తప్పు ఆ సంతోషంలోనే పుట్టింది. నాలుగు నయమై వెళ్ళాయి, మిగిలిన ఎనిమిదీ రోజురోజుకూ ఎక్కువ కుంటుతున్నాయి. లోపల మెత్త లేని కీలు నడిపించేకొద్దీ అరుగుతుందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. డాక్టర్లు బాగుచేసి అప్పగించిన జీవాలు తన చేతిలోకి వచ్చాక చెడిపోతున్నాయని ఆయన లెక్క. ఆకులు నూరి కట్టు కట్టాడట, వేన్నీళ్ళతో కాపడం పెట్టాడట, ఇంకా నడిపిస్తే నయమవుతుందని దూరం పెంచాడట. అవి ఇంకా ఎక్కువ కుంటడం మొదలుపెట్టాయి. ఒకరోజు సాయంత్రం నేను బస్సు కోసం పరుగెత్తుతుంటే, ఆయన నాకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

“సారూ, ఒక మాట. మూడో నంబరుది కాలు ఈడుస్తాండాది. నా చేతిలో చెడిపాయ. నాది ఒక మంచి గొర్రె దానికి బదులు పెడతా. మిగతావి కూడా అట్లే అయ్యేట్లుండాయి. నీకు చెప్పి పెడతాండా, సరేనా?”

బస్సు మలుపు తిరుగుతోంది. సరే సరే, నువ్వే చూసుకో తాతా అంటూ ఎక్కేశాను. కూర్చున్నాక ఆయన ఏం చెప్పాడో ఒకసారి గుర్తుచేసుకుందామనుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికిన ఆనందంలో అది కూడా చేయలేదు.

ఆ తర్వాత రెండు నెలల్లో మా ఎనిమిది గొర్రెలూ ఒక్కొక్కటిగా ఆయన దొడ్డికి చేరాయి. ఆయన ఎనిమిది గొర్రెలు మా షెడ్డుకు వచ్చాయి. ఇందులో దొంగచాటు వ్యవహారం ఏమీ లేదు. కుంటిదాని మెడలో తాడుకు కట్టిన రేకుబిళ్ళ నంబరు విప్పి మంచిదానికి కట్టడమే, అదీ పట్టపగలు చెరువు బీట్లో, భార్య చూస్తుండగా. ఇరవై రెండింటిలోంచి ఏరి ఏరి మంచివే పెట్టాడని తర్వాత తెలిసింది. కుంటివాటిని ఇంట్లో పెట్టుకుని సాకాడు. మరీ నడవలేని రెండింటిని భుజాన వేసుకుని బీటికి తీసుకుపోయి మేపేవాడట. నేను రోజూ పది నుంచి నాలుగున్నర దాకా ఆ షెడ్డులోనే ఉన్నాను. పడుకున్న గొర్రెను చూసి అది ఏ గొర్రెయో నాకు తెలియలేదు. నాకు తెలిసినవి నంబర్లే, అవి సరిగ్గానే ఉన్నాయి. రిజిస్టరులో మాత్రం నా సుకుమారి ఏడో నంబరు మూడు మార్కులు దాటి నాలుగుకు దగ్గర పడుతోంది.

పన్నెండో వారంలో నడిమి దశ చూడటానికి బెంగళూరు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళతో కంపెనీ మేనేజరు, మిల్లీమీటరు సారు. మేనేజరు నా రిజిస్టరు తెరిచి, ఈ ఏడో నంబరు చూడండి, పాపం కాలు నేలకు ఆనించడం కూడా కష్టమని చదివి వినిపించాడు. వచ్చినవాళ్ళు జాలిగా తలలూపారు. ఏడో నంబరును బయటికి వదిలారు. అది గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కొత్త మనుషులను చూసి బెదిరి, మేనేజరు కాళ్ళ పక్కనుంచి దూసుకుపోయి, నడుమెత్తు మల్బరీ కంచెను ఒక్క ఎగురులో దాటి పోయింది. దాన్ని చూసి మిగతా ఏడూ ఒకదాని వెనక ఒకటి అదే చోట దూకాయి. ఎంత ముచ్చటగా దూకాయంటే, బెంగళూరు పెద్దమనుషుల్లో ఒకాయన అప్రయత్నంగా చప్పట్లు కొట్టాడు. వాటిని పట్టుకుని రావడానికి గంట పట్టింది. సారు నేలమీద కూర్చుని ఒక్కొక్కదాని కుడి మోకాలు తడిమి చూశాడు. ఎనిమిదింటిలో దేనికీ కుట్టు మచ్చ లేదు.

కంబళి తాతను అడిగితే ఏమాత్రం తడబడకుండా చెప్పాడు, మీవి నా దొడ్డిలో ఉండాయి అని. ఆ మధ్యాహ్నమే మేనేజరు జీపు కట్టుకుని ఆయన ఊరికి పోయాడు, నన్నూ ఎక్కించుకున్నాడు. కాపరుల్లో పెద్దమనిషి, అందరూ పెద్దయ్య అనే ఆయన, రచ్చబండ మీద కూర్చున్నాడు. ఊరి కాపరులంతా చేరారు. తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొంగవని మేనేజరు అన్నప్పుడు కూడా ఆయనకు కోపం రాలేదు, అర్థం కాలేదంతే. “దొంగోడైతే మంచివి తీసుకోని కుంటివి పెడతాడు గదా సారూ. నేను కుంటివి తీసుకోని మంచివి పెట్టినా,” అన్నాడు. కాపరులు నవ్వారు. మేనేజరుకు ముఖం ఎర్రబడింది. మాకు కుంటివే కావాలప్పా అన్నాడు. కుంటి గొర్రెలే కావాలనే మనుషులను వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు. ఎందుకప్పా అని పెద్దయ్య అడిగాడు. మేనేజరు ఒక్క నిమిషం ఆలోచించి, వాటి ఒంట్లో చానా ఖరీదైన మందు ఉండాదని చెప్పాడు. అప్పటికి ఒక్క గొర్రెకూ మేం ఒక్క చుక్క మందు వేయలేదు. నేను నేల చూస్తున్నాను.

పెద్దయ్య అడగాల్సింది ఒక్కటే అడిగాడు. చెప్పి మార్చినావా, చెప్పకుండా మార్చినావా అని. తాత నా వైపు చెయ్యి చూపించి, ఆ సారుకు చెప్పినా, సరే అన్నాడు అని జవాబిచ్చాడు. అందరూ నా వైపు తిరిగారు. పెద్దయ్య గొంతు పెంచకుండా అడిగాడు.

“చెప్పినాడా అప్పా?”

ఆ మనిషి బతుకంతా ఆ ప్రశ్న మీద ఉందని నాకు తెలియకపోలేదు. చెప్పి పెడితే మర్యాద, చెప్పకుంటే దొంగతనం. వాచీ చూసుకుంటూనే విన్నా, ఆ మాట మాత్రం గుర్తుంది. చెప్పాడంటే, ఎప్పుడు చెప్పాడు, ఎన్నాళ్ళైంది, మరి ఈ రెండు నెలల మార్కులు ఏ గొర్రెలవి అని మేనేజరు అడుగుతాడు. నా ఉద్యోగం పోతుంది, మళ్ళీ మగ్గం గుంట పక్కన కూర్చోవాలి. ఇదంతా ఆలోచించడానికి నాకు ఒక దగ్గు దగ్గినంత సమయం చాలింది.

“లేదు,” అన్నాను.

తాత నన్ను తిట్టలేదు. నా ముఖంలోకి చూశాడు. నేనేదో తప్పుగా విని ఉంటాననీ ఇప్పుడు సర్దుకుంటాననీ కాసేపు ఎదురుచూశాడు. నేను సర్దుకోలేదు. ఆ ఊళ్ళో గానీ చుట్టుపక్కల గానీ ఆయనకు ఎవరూ జీవాలు మేపడానికి ఇవ్వకూడదని పెద్దయ్య చెప్పి లేచిపోయాడు. కుంటి గొర్రెలను జీపులో వేసుకున్నాం. ఆయన బదులు పెట్టిన ఎనిమిదింటిని కూడా, తప్పుకు బదులుగా, కంపెనీయే ఉంచుకుంది. నెల తిరక్కుండా ఆ ఎనిమిదింటికీ కుడి మోకాళ్ళు కోశారు. మత్తు ఎక్కేదాకా కాళ్ళు కదలకుండా పట్టుకున్నది నేనే. తాత ఎంత మంచివాటిని ఏరి పెట్టాడో నాకు అప్పుడు తెలిసింది, పట్టుకుంటే చేతులు నొప్పి పుట్టాయి.

తమాషా ఏమిటంటే (తమాషా అనే మాట ఇక్కడ వాడటానికి నాకు మనసు రావడం లేదు, వేరే మాట దొరకలేదు) నా రిజిస్టరు పోలేదు. ఆకులూ కాపడాలూ పడిన కుంటి కీళ్ళు దేనికీ పనికిరావన్నారు. కాబట్టి నడిమి దశకు మిగిలిన ఒకే ఒక ఆధారం, నేను రైల్లో కూర్చుని ఊహించిన కుంటు. గొర్రెలను చివరి వారంలోనే దొంగతనంగా మార్చారనీ, అంతకుముందువన్నీ నిజమైన మార్కులేననీ మేనేజరు నిర్ణయించి దాన్ని రంగుల గీతగా గీయించాడు. అందమైన గీత. మిల్లీమీటరు సారు దాన్ని కాసేపు చూసి, నన్ను పక్కకు పిలిచాడు. నువ్వు ధర్మవరం నుంచి వస్తావట గదా, ఆ మధ్య బంద్ రోజున రైళ్ళూ లేవు, బస్సులూ లేవు, మరి ఆ రోజు కూడా మార్కులున్నాయే, పొద్దునా సాయంత్రం ఎట్లా నడిచావు నాయనా అని మెల్లగా అడిగాడు. ఆయన తన స్కేలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఆ తర్వాత నెల నుంచి రాలేదు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదనుకుంటాను. ఈ విషయంలో ఆయన్ని ఒక్క మాట అనే అర్హత నాకు లేదు.

ఏడాదికి నేను ఆ ఉద్యోగం మానేశాను. పశ్చాత్తాపంతో మానేశానని రాసుకుంటే బాగుంటుంది గానీ, కంపెనీయే మూతపడింది. తర్వాత ట్రైనింగు చేసి పశువైద్యశాలలో సహాయకుడిగా చేరాను. పెళ్ళైంది, నాయన మగ్గం ఆపాడు. పల్లెల్లో జీవాలకు నట్టల మందు, అంటే కడుపులో పురుగులు పోయే మందు, తాపడం మా పనుల్లో ఒకటి. రొద్దం దగ్గరి ఆ పల్లె వంతు వచ్చినప్పుడల్లా నాకు జ్వరమో, కడుపునొప్పో, మామగారి ఊళ్ళో ఏదో ఒక కార్యమో వచ్చేది. తోటివాడితో వంతు మార్చుకునేవాణ్ణి. ఇట్లా దాదాపు ఆరేళ్ళు నడిపాను. ఒక ఏడు ఆ తోటివాడికే నిజంగా జ్వరం వచ్చింది.

పొద్దున్నే పోయాను. రచ్చబండ ముందు మందలన్నీ చేరాయి. ఒక్కొక్కరు జీవం నోరు తెరిచి పట్టుకుంటే నేను మందు పోస్తున్నాను. వరసలో చివర మూడు గొర్రెలతో కంబళి తాత. చాలా ముసలివాడైపోయాడు. ఎవరూ జీవాలు ఇవ్వకపోతే ఉన్నవి అమ్ముకుని, భార్యతో కలిసి ఎక్కడో రాళ్ళు కొట్టే పనికి పోయాడని, ఆమె పోయాక ఊరికి తిరిగి వచ్చాడని తర్వాత తెలిసింది. కాళ్ళు విల్లులా వంగిపోయాయి. ఒక్కొక్క అడుగుకూ ఆగి, కుడి కాలు పక్కనుంచి తిప్పి వేస్తున్నాడు. ముదిరిన దశ. నా ప్రమేయం లేకుండానే నా బుర్ర మూడున్నర మార్కులు వేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

నన్ను గుర్తుపట్టాడు. మూడు గొర్రెలకూ మందు పోయించుకున్నాడు. నేనే చెవి దగ్గర వంగి, తాతా, ఆ రోజు నువ్వు నాకు చెప్పినావు, నేను అబద్ధం ఆడినాను అన్నాను. ఈ మాట తొమ్మిదేళ్ళుగా ఎన్నో రకాలుగా అనుకుని ఉంచుకున్నాను. వాటిలో చాలావాటిలో చివరికి ఆయన నా భుజం తట్టేవాడు.

“నాకు చెప్తే ఏమొస్తాది సారూ? చెప్పినానని నాకు తెలుసు గదా,” అన్నాడు. గడ్డంతో రచ్చబండ వైపు చూపించాడు. “ఆయప్పకు చెప్పు. అందరూ వినేట్లు చెప్పు.”

పెద్దయ్య అదే చోట కూర్చుని ఉన్నాడు, తొంభైకి దగ్గర. నేను చేతిలో మందు డబ్బాతోనే పోయి నిలబడి చెప్పాను. ఆయన నా పెదాలు చూస్తూ నవ్వాడు. పక్కన ఒక కుర్రకాపరి, మా తాతకు చెవులు వినిపించవు, గట్టిగా చెప్పు అన్నాడు. గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా అన్నారు. మూడోసారి పెద్దయ్య చెవిలో నోరు పెట్టి, ఊరి గొర్రెలన్నీ తలెత్తి చూసేంత గట్టిగా అరిచాను. ఆయన చెప్పి మార్చినాడు, నేనే చెప్పలేదని అబద్ధం ఆడినాను అని. పెద్దయ్య చాలాసేపు ఆలోచించాడు.

“ఏ గొర్లప్పా?” అన్నాడు.

మర్చిపోయాడు. కంబళి తాతను, కుంటి గొర్రెలను, తన తీర్పును, మొత్తం. తొమ్మిదేళ్ళుగా ఒక మనిషిని వేరుచేసి కూర్చోబెట్టిన మాట, అన్న మనిషి దగ్గరే లేదు. కాసేపటికి, ఐతే ఈ మందు తాపద్దంటాండావా అని నన్నే అడిగాడు. ఎవరో నవ్వారు. నేను తాత వైపు చూశాను. ఆయన నవ్వలేదు. కర్ర మీద బరువు వేసి, “ఆయనకు లేకుంటే పోనీ సారూ. ఈ పిల్లోళ్ళందరికీ నేను దొంగోన్ననే తెలుసు. వాళ్ళకు మొదటి నుంచి చెప్పు,” అన్నాడు.

చెప్పాను. మందు డబ్బా కింద పెట్టి, బండ అంచున కూర్చుని, బాగున్న కాళ్ళను మేం కోసిన దగ్గర నుంచి చెప్పాను. బాగుచేసినామని ఆయనతో అన్నది, రైల్లో మార్కులు వేసింది, కిటికీ సీటు, లేదు అన్న ఒక్క మాట, తర్వాత ఆయన గొర్రెల కాళ్ళు పట్టుకున్నది, అన్నీ. ఏడో నంబరు కంచె దూకిన చోట అందరూ నవ్వారు, తాత కూడా కొంచెం. కాళ్ళు పట్టుకున్న చోట ఎవరూ నవ్వలేదు. ఒక ముసలామె, మీ చేతులు పడిపోను అంది.

అయిపోయాక ఆ కుర్రకాపరి లేచాడు. పెద్దయ్య మనవడే కాబట్టి అతని మాటకు కొంత విలువ ఉన్నట్టుంది. తాత దగ్గరికి పోయి, కొంచెం నసుగుతూ, “తాతా, మావి రెండు పొట్టేళ్ళు ఉండాయి. మేపేదానికి నీకిస్తా. తోలుకోని పోతావా?” అన్నాడు. అందరూ తాత వైపు చూశారు. నేనూ చూశాను. ఇన్నేళ్ళకు ఆ మాట అడిగినందుకు ఆయన కళ్ళు తుడుచుకుంటాడనే నేను అనుకున్నాను. ఆయన తొందరపడలేదు. పొట్టేళ్ళ వైపు చూశాడు, తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు, కంబళి సర్దుకున్నాడు.

“సూస్తాంలే,” అన్నాడు. తన మూడు గొర్రెలనూ అదిలించుకుని, పక్కనుంచి తిప్పి వేసే ఆ నడకతో, ఎంతమాత్రం వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టాడు.

బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, నన్ను క్షమించానని ఆయన అనలేదు. అడగాలని నాకూ తోచలేదు. అన్ని రకాలుగా అనుకుని పోయినవాణ్ణి, అసలు మాట అడగడమే మర్చిపోయాను. అడిగి ఉంటే ఏమనేవాడా అని అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. పొట్టేళ్ళ విషయంలో చెప్పిన జవాబే నాకూ చెప్పి ఉండేవాడని తోచినప్పుడు, ఈ వయసులో నాకు నవ్వొస్తుంది. అంతకంటే ఎక్కువ ఇవ్వాల్సిన పని ఆయనకు లేదు మరి.